పౌర్ణమి వెళ్లాక అప్పన్న దారి

ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు కొండ కింద తొలి పావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి జనం సింహాచలం అప్పన్నస్వామి గిరిప్రదక్షిణకు బయల్దేరతారు. హనుమంతవాక, అప్పూఘర్, సీతమ్మధార, మాధవధార, గోపాలపట్నం మీదుగా 32 కిలోమీటర్లు. లక్షల మంది, చాలామంది చెప్పుల్లేకుండానే. పోలీసులు బళ్లను దారి మళ్లిస్తారు. అపార్టుమెంటు గేట్ల ముందు బల్లలేసి మజ్జిగ, పులిహోర పంచుతారు. బొబ్బలెక్కిన పాదాలకు ముక్కూమొహం తెలియని కుర్రాడు కూర్చుని మందు రాస్తాడు. నడిచే మనిషిలో అప్పన్నను చూడటమంటే ఇదేనని నా నమ్మకం.

మరి పౌర్ణమి దాటితే ఆ అప్పన్న ఎక్కడికి పోతాడు? మా వీధి చివరి రామాలయానికి మా అత్తగారు ఆటోలో వెళ్తారు. దూరమై కాదు. పేవ్‌మెంటు మీద వరసగా బైకులు, ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మరు, అదీ దాటితే మూతలేని కాలువ. రోడ్డు మీదికి దిగితే వెనక నుంచి హారన్లు.

బరువు మోసేవాళ్లకు, రోగులకు, స్త్రీలకు దారి వదలాలని ఆపస్తంబ ధర్మసూత్రం ఏనాడో చెప్పింది. అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 2025లో సుప్రీంకోర్టూ అంది. ధర్మమూ చట్టమూ ఒకే మాట చెబుతుంటే, కారు ఆపుకోవడానికి పేవ్‌మెంటు ఆక్రమించడం నా దృష్టిలో అపచారమే. ప్రదక్షిణ రాత్రి మజ్జిగ పోసే ఇంటివాళ్లు మర్నాడు తమ గేటు ముందు పేవ్‌మెంటుకు అడ్డమైన ర్యాంపు తీసేసి, బండిని లోపల పెట్టుకుంటే అదీ అప్పన్న సేవే.