నలుగురితో నారాయణా

పెళ్ళిలో అప్పగింతల వేళ ఏడవని ఆడదాన్ని నేనింతవరకు చూడలేదు. పెళ్ళికూతురు ఏడుస్తుంది, సరే. తల్లి ఏడుస్తుంది, తండ్రి కండువాతో కళ్ళొత్తుకుంటాడు, అదీ సరే. కాని ఆ పిల్ల పేరేమిటో కూడా సరిగ్గా తెలియకుండా మగపెళ్ళివారి తరఫున బస్సెక్కి వచ్చినవాళ్ళం, ఐదు నిమిషాల క్రితం దాకా గుత్తొంకాయ కూరలో ఉప్పెక్కువైందని సణుక్కుంటున్నవాళ్ళం, మనమెందుకు ఏడుస్తాం చెప్పండి? సన్నాయి ఆ రాగం అందుకోగానే గొంతులో ఏదో అడ్డుపడుతుంది. పక్కావిడ ముక్కు చీదగానే మన కొంగూ కళ్ళమీదికి పోతుంది. మా వారు దీన్ని అంటుజబ్బు అంటారు. ఆవులింతలాగా ఒకరినుంచి ఒకరికి పాకుతుందట, అంతకుమించి అందులో ఆలోచించడానికేమీ లేదట. క్రికెట్ మ్యాచినాడు మగవాళ్ళకు పట్టే పూనకం మాత్రం జబ్బు కిందికి రాదు కాబోలు!

ఆలోచించడానికి చాలా ఉందని నా అభిప్రాయం. సినిమాహాల్లో అందరితో కలిసి పొట్టచెక్కలయ్యేలా నవ్విన హాస్యమే, నాలుగేళ్ళ తర్వాత ఇంట్లో టీవీలో ఒక్కదాన్నీ చూస్తుంటే పెదవి కూడా కదలదు. హాస్యం మారలేదు, నేనూ మారలేదు. మరి ఆనాటి నవ్వు నాదా, హాలుదా? నవ్వయితే పోనీలే అనుకోవచ్చు. ఏడుపు, భయం, కోపం, ఇవి కూడా పదిమంది దగ్గర అరువు తెచ్చుకున్నవేనా? అరువు సొమ్మయితే ఆ ఆవేశంలో చేసినదానికి మనం జవాబు చెప్పుకోనక్కర్లేదు. మనదే అయితే చెప్పుకోవాలి. చిక్కంతా ఇక్కడే ఉంది.

2022 ఫిబ్రవరి 21న మేకపాటి గౌతంరెడ్డిగారు హైదరాబాదులో గుండెపోటుతో హఠాత్తుగా పోయారు. అప్పటికాయన రాష్ట్రమంత్రి, మా ఆత్మకూరు శాసనసభ్యులు. 23న ఉదయగిరిలో, వాళ్ళ కుటుంబం పెట్టిన ఇంజనీరింగు కాలేజీ ఆవరణలో అంత్యక్రియలు జరిగాయి. నేను రాజకీయాల జోలికి పోను. ఆ రోజు రోడ్డుపక్క నిలబడ్డ జనం సంగతే చెబుతాను. ఆ జనంలో మా పక్కింటావిడ కూడా ఉంది. కూరల సంచీ చేతిలో పట్టుకుని బజారుకని బయల్దేరిన మనిషి మధ్యాహ్నానికి గాని ఇల్లు చేరలేదు. వచ్చేసరికి కళ్ళు వాచిపోయి ఉన్నాయి, సంచీ ఖాళీగా ఉంది.

"ఆయన నీకంత తెలుసా?" అని అడిగాను.

"నాకేం తెలుసక్కా! ఓటేసినా, అంతే. వ్యాను కనపడేసరికి అందరూ ఒక్కసారిగా గొల్లుమన్నారు. నాకు మా తమ్ముడు గుర్తుకొచ్చేసినాడు."

ఆ తమ్ముడు అంతకు ముందటేడు, 2021లో, కరోనా రెండో విడతలో పోయాడు. ఆసుపత్రి నుంచి శవాన్ని ఇంటికి తేలేదు. తెల్ల దుస్తుల్లో ముసుగులేసుకున్న నలుగురు పరాయివాళ్ళు ఎక్కడికో తీసుకుపోయారు. కన్నతల్లికి కూడా ఆఖరిచూపు దక్కలేదు. దినాలకు పిలవడానికి మనుషుల్లేరు, పిలిచినా వచ్చేవాళ్ళు లేరు. ఒక ఇంట్లో ఒక మనిషి పోతే గుమ్మంలో పదిజతల చెప్పులైనా కనపడని కాలం అది. పరామర్శంతా ఫోన్లోనే. "అప్పుడు నాకు ఏడుపే రాలేదక్కా, బండరాయిలాగ ఉండిపోయినా" అని ఆమే చెప్పింది.

ఆవిడ ఆ రోజు రోడ్డుమీద ఏడ్చిన ఏడుపు మంత్రిగారిదని గాని, జనానిదని గాని నేను ఒప్పుకోను. అది ఆవిడ దగ్గర ఏడాదిగా గడ్డకట్టి ఉన్నదే. కరగడానికి పదిమంది వేడి కావలసి వచ్చింది, అంతే. పల్లెల్లో చావింటికి వచ్చిన ఆడవాళ్ళు ఒకరి మెడ ఒకరు కావిలించుకుని శోకాలు పెట్టడం విన్నారా ఎప్పుడైనా? పోయినవాడి గుణగణాలతో మొదలవుతుంది. రెండు నిమిషాలు తిరిగేసరికి ఒకామె తన తల్లిని తలుచుకుంటుంది, ఇంకొకామె పురిట్లో పోయిన బిడ్డని పిలుస్తుంది. పట్నంవాళ్ళకి ఇదంతా నటనలా కనిపిస్తుంది. నాకు మాత్రం, ఎవరి బాకీ వాళ్ళు తీర్చుకోవడానికి ఊరు కల్పించిన వసతిలా తోస్తుంది.

చదువుకున్నవాళ్ళకి గుంపంటే మొదటినుంచీ చిన్నచూపే. 1895లో ఫ్రాన్సులో గుస్తావ్ లె బాన్ అనే పెద్దమనిషి గుంపుల మనస్తత్వం మీద ఒక పుస్తకం రాశాడు. ప్రపంచమంతా పేరుకెక్కిన పుస్తకం. గుంపులో చేరగానే మనిషి సొంత తెలివి పోగొట్టుకుంటాడనీ, నాగరికతలో నాలుగు మెట్లు కిందికి దిగజారతాడనీ ఆయన సిద్ధాంతం. అంతటితో ఆగితే బాగుండును! గుంపులకి ఆడవాళ్ళ లక్షణాలుంటాయని కూడా సెలవిచ్చాడు. అంటే ఆలోచన తక్కువ, ఆవేశం ఎక్కువ అని కదూ? ఏం చేస్తాం, ఆయన మన దూబగుంట చూడలేదు పాపం.

దూబగుంట ఉదయగిరి ప్రాంతంలో, కలిగిరి మండలంలో ఒక చిన్న ఊరు. చుట్టుపక్కలంతా మెట్టభూములు, వాన పడితేనే పంట. 1991లో జిల్లా అంతటా అక్షరదీపం పేరుతో రాత్రిబడులు పెట్టారు. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్ళు గిన్నెలు కడిగి, పిల్లల్ని పడుకోబెట్టి, లాంతరు చుట్టూ కూర్చుని అక్షరాలు దిద్దారు. ఆ చదువులో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. తాగుడు వల్ల ఒక ఇల్లాలి బతుకు ఏమయిందో చెప్పే కథ.

ఆ దృశ్యం ఒక్కసారి ఊహించుకోండి. అప్పట్లో సారా ప్లాస్టిక్ ప్యాకెట్లలో ఊరూరా దొరికేది. సాయంత్రానికి మొగుడి కూలిడబ్బు అందులోకే పోయేది. అన్నం లేదని అడిగితే వీపు వాచేది. ఇది ప్రతి ఇంట్లోనూ జరిగేదే, కాని ప్రతి ఇల్లాలూ తలుపు వేసుకుని తన నుదుటి రాత అనుకుంటూ వచ్చింది. లాంతరు వెలుగులో ఆ పాఠం చదువుతుంటే ఒకామె కళ్ళనీళ్ళు పెట్టుకుని ఉంటుంది. తలెత్తి చూస్తే పక్కామె కళ్ళూ తడిగానే ఉంటాయి. తన ఒక్కతెదే అనుకున్నది అందరిదీ అని తెలిసిన మరుక్షణం ఏడుపు ఇక ఏడుపుగా నిలవదు. ఇది నా ఊహే కావచ్చు, కాని తర్వాత జరిగింది మాత్రం ఊహ కాదు. దూబగుంట ఆడవాళ్ళు ఏకమై సారా దుకాణం మూయించారు. వాళ్ళకు ముందు నడిచిన వర్ధినేని రోశమ్మని లోకం దూబగుంట రోశమ్మగా ఎరుగును. ఆవిడ 2016లో కన్నుమూసింది.

ఒంటరిగా ఉన్నప్పుడు వాళ్ళకి భయం, పదిమందిలో కోపం. ఇందులో ఏది నిజమైన రోశమ్మ, ఏది అరువుది? రెండూ ఆమెవే కదా. ఇంట్లో భయానికి చోటుంది, వీధిలో కోపానికి చోటు దొరికింది.

ఇంకో విచిత్రం. వాళ్ళ గెలుపు తర్వాతి వాచకంలో 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠమయింది. దూబగుంట ఎక్కడుందో కూడా తెలియని ఊళ్ళల్లో ఆడవాళ్ళు అది చదివి చీపుర్లు పుచ్చుకుని సారా దుకాణాల మీదికి బయల్దేరారు. గుంపుని కళ్ళతో చూడకుండానే గుంపు ఆవేశం అచ్చులో అంటుకుందన్నమాట! 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు పెట్టడం, ఆడవాళ్ళు అడ్డుకోవడం, వాయిదా వెయ్యడం, ఇదే తంతుగా నడిచింది. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఆ కథ వేరు.

ఇంతవరకూ బాగానే ఉంది. కాని ఆ ఉద్యమంలోనే, కొన్ని ఊళ్ళల్లో తాగివచ్చిన మగవాళ్ళకి గుండు కొట్టించి గాడిదమీద ఊరేగించారని కూడా రాశారు. అది చదివి "బాగా అయింది వెధవలకి!" అనుకునే ఆడవాళ్ళని నేను తప్పు పట్టను. తన్నులు తిన్న వీపుకే తెలుస్తుంది ఆ తృప్తి. అయినా సారా ప్యాకెట్లు కాలవలో పారబోయించడం నాకెంత నచ్చిందో, ఈ గుండు వ్యవహారం అంత నచ్చలేదు. గాడిద వెనకాల కేరింతలు కొడుతూ పోయే పిల్లల్లో ఆ మనిషి కూతురు కూడా ఉంటుంది కదా. దుకాణంవాడు, వాడి వెనకున్న కాంట్రాక్టరు, ఆ కాంట్రాక్టరుకి పాట ఇచ్చే సర్కారు, వాళ్ళ గుమ్మం ముందు నిలబడటానికి గుంపు కావాలి. ఒక్క తాగుబోతు చేతులు కట్టెయ్యడానికి అంతమంది ఎందుకు?

ఇదే ఆవేశం, ఇవే తల్లుల మనసులు, 2018 మే నెలలో ఏం చేశాయో మీకు గుర్తుండే ఉంటుంది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని ఫోన్లలో ఒకటే మెసేజీలు. పార్థీ ముఠా అన్నారు, గొంతులు కోస్తున్నారన్నారు, ఎక్కడివో ఫోటోలు పెట్టారు. అంతా అబద్ధమని పోలీసులు మొత్తుకున్నా వినేదెవరు? ఆంధ్రలోనూ తెలంగాణాలోనూ జనం అమాయకుల్ని కొట్టి చంపారు. దెబ్బలు తిన్నది ఎవరని చూస్తే, అడుక్కునేవాళ్ళు, మతిస్థిమితం లేనివాళ్ళు, మన భాష రాని పరాయివాళ్ళు. ఆ భయం అరువుదంటారా? కాదండీ, బిడ్డల్ని కన్న ప్రతి ఆడదాని కడుపులోనూ అది ఎప్పుడూ ఉండేదే. మెసేజీ పంపినవాడు దాన్ని తట్టి లేపాడు. వంటింట్లో ఒంటరిగా నిలబడి చదువుకున్నా అది గుంపే. కాకపోతే ఆ గుంపు ఎవరి గుమ్మం ముందుకు పోతోందో మనకి కనపడదు. ఎవరి నెత్తిన పడబోతోందో చూడకుండానే ఇంకో పదిమందికి పంపేసి పప్పు పోపు పెట్టుకుంటాం.

రోడ్డుపక్క ఏడ్చిన పక్కింటావిడా, దూబగుంట ఆడవాళ్ళూ, ఈ మెసేజీలు పంపిన తల్లులూ, ముగ్గురూ సొంత సొమ్మే ఖర్చుపెట్టారు. ఎవరి పద్దులో రాయాలన్నదే తేడా. "అందరూ చేశారు, నేనూ చేశాను" అన్న మాట నాకెందుకో మింగుడుపడదు.

ఆ మే నెలలోనే, మా వీధి మొగలో వేపచెట్టు కింద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. జడలు కట్టిన జుట్టు, చంకలో మూట. పొద్దున ఎనిమిదింటికి ఇద్దరు నిలబడి చూశారు, అరగంటలో ఇరవైమంది అయ్యారు. మూటలో ఏముందో విప్పమన్నాడొకడు. ఇంకొకడు ఫోను తీసి ఫోటో పట్టాడు. పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపులు వేసుకున్నాం మేము, కిటికీలోంచి చూస్తున్నాం. ఎదురుగా ఇడ్లీలమ్ముకునే ముసలమ్మ ఆకులో నాలుగిడ్లీలు పెట్టుకుని వాళ్ళ మధ్యలోంచి తోసుకుంటూ పోయింది.

"జరగండబ్బా, జరగండి. ఏ ఊరు నాయినా నీది? పొద్దున్నించి ఏమన్నా తిన్నావా?"

అతను ఏ ఊరో చెప్పనేలేదు. ఇడ్లీలు మాత్రం గబగబా తిన్నాడు. తింటున్న మనిషి చుట్టూ నిలబడి చూడడం ఎవరికైనా మొహమాటమే కదా, ఒక్కొక్కరే జారుకున్నారు. ఆ ఫోటో తీసిన కుర్రాడు మాత్రం ముసలమ్మ దగ్గరే ఆగి, రెండిడ్లీలు పొట్లం కట్టించుకుని వెళ్ళాడు.