ఒప్పుకోవడం అనే ఒప్పందం

అమెరికా కోర్టు అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఒక సినిమా. 1957లో వచ్చిన ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’. ఉక్కపోత, మూసిన గది, పన్నెండు మంది జ్యూరర్లు. పదకొండు మంది ‘గిల్టీ’ అంటే ఒక్కడు కాదంటాడు, చివరికి ఆ ఒక్కడే గెలుస్తాడు. న్యాయం అంటే మనుషులు కూర్చుని, వాదించుకుని, సందేహాన్ని గౌరవించడం అని ఆ సినిమా మనకి నేర్పింది. నేనూ దాన్ని కనీసం అయిదుసార్లు చూసి ఉంటాను.

ఇబ్బంది ఏంటంటే, ఆ గదిదాకా వెళ్ళే కేసులు చాలా తక్కువ. 2012లో అమెరికా సుప్రీం కోర్టు ఒక తీర్పులో స్వయంగా చెప్పిన లెక్క ప్రకారం, రాష్ట్రాల కోర్టుల్లో పడే శిక్షల్లో 94 శాతం నిందితుడు నేరం ఒప్పుకోవడం వల్ల పడేవే. ఫెడరల్ కోర్టుల్లో ఇది 97 శాతం. అంటే శిక్ష పడిన ప్రతి వందమందిలో ఏ అయిదారుగురి విషయంలోనో తప్ప సాక్షిని ఎవరూ నిలబెట్టి ప్రశ్నించలేదు, జ్యూరీ ఏ గదిలోనూ కూర్చోలేదు.

మరి మిగతా కేసులన్నీ ఎలా నడుస్తాయి? దారి మొత్తం కాగితం మీద శుభ్రంగా ఉంటుంది. అరెస్టు అవుతుంది, వేలిముద్రలు తీసుకుంటారు. ఒకటి రెండు రోజుల్లో జడ్జి ముందు నిలబెడతారు. ఆరోపణ చదివి వినిపిస్తారు. బెయిలు ఎంతో చెప్తారు. లాయర్ని పెట్టుకునే స్తోమత లేకపోతే ప్రభుత్వమే ఇస్తుంది, 1963 నాటి గిడియన్ తీర్పు పుణ్యమా అని. పెద్ద నేరమైతే కొన్ని రాష్ట్రాల్లో గ్రాండ్ జ్యూరీ కూర్చుంటుంది. న్యూయార్క్‌లో అయితే 16 నుంచి 23 మంది, వాళ్ళలో 12 మంది సరేనంటే అభియోగం ఖాయం. ఆ తర్వాత వాయిదాలు. సాక్ష్యాలు ఇచ్చిపుచ్చుకోవడాలు, పిటిషన్లు, మళ్ళీ వాయిదాలు. ఈ దారిలో ఎక్కడో ఒకచోట, చాలాసార్లు కోర్టు వరండాలోనే, ప్రాసిక్యూటర్ నుంచి ఒక కబురు వస్తుంది: ‘ఒప్పుకుంటే ఇంత. ఒప్పుకోకపోతే అంత.’ ఆ ప్రాసిక్యూటర్ల పై అధికారి చాలా కౌంటీల్లో ఎన్నికల్లో గెలిచి వచ్చినవాడు. ఏ సెక్షన్ పెట్టాలి, ఏది తీసెయ్యాలి అన్నది అతని ఆఫీసు ఇష్టం.

ఇక్కడే నాకు తెలుగు మాట ఒకటి అడ్డం పడుతుంది. మనం ‘ఒప్పుకోవడం’ అనే ఒకే క్రియని రెండు పనులకి వాడతాం. చేసిన తప్పు ఒప్పుకుంటాం. పెళ్ళికి ఒప్పుకుంటాం, రేటుకి ఒప్పుకుంటాం. మొదటిది గతం గురించి చెప్పే నిజం. రెండోది ముందు జరగబోయేదాని గురించి కుదుర్చుకునే ఒప్పందం. మొదటిదానికి బేరం ఉండదు. నిన్న వాన పడిందా లేదా అన్నదాన్ని ఎవరితోనూ సెటిల్ చేసుకోలేం. ప్లీ బార్గెయిన్ చేసే పని ఏంటంటే, రెండో రకం ఒప్పుకోలుని తీసుకుని మొదటి రకం ఒప్పుకోలుగా రికార్డులో రాయడం. సంతకం పెట్టింది ఒప్పందానికి. ఫైల్లో చేరింది సత్యంగా.

1970లో ఇది సుప్రీం కోర్టు ముందు బట్టబయలుగా వచ్చింది. నార్త్ కరోలినాలో హెన్రీ ఆల్‌ఫర్డ్ అనే నల్లజాతి వ్యక్తి మీద హత్య కేసు. విచారణకి వెళ్ళి ఓడిపోతే మరణశిక్ష పడొచ్చు. అతను కోర్టులోనే, నేను చంపలేదు, కానీ ఒప్పుకోకపోతే చంపేస్తారు కాబట్టి ఒప్పుకుంటున్నాను అనే అర్థం వచ్చేలా చెప్పాడు. 30 ఏళ్ళ శిక్ష పడింది. సాక్ష్యం బలంగా ఉంది కాబట్టి ఆ ఒప్పుకోలు చెల్లుతుందని సుప్రీం కోర్టు అంది. అప్పట్నుంచీ దానికి ‘ఆల్‌ఫర్డ్ ప్లీ’ అని పేరు. ఒకే నోటితో ‘నేను చెయ్యలేదు’, ‘నేను దోషిని’ అని చెప్పడానికి చట్టబద్ధమైన పద్ధతి అన్నమాట. నాకు ఆల్‌ఫర్డ్ మీద కోపం రాదు. ఆ గదిలో ఉన్నవాళ్ళలో తనేం చేస్తున్నాడో దాచకుండా చెప్పినవాడు అతనే అనిపిస్తుంది.

దీన్ని సమర్థించేవాళ్ళ వాదన తీసిపారేసేది కాదు. నిందితుల్లో చాలామంది నిజంగా నేరం చేసినవాళ్ళే. వాళ్ళు ఒప్పుకుంటే బాధితులు బోనెక్కి ఆ రోజునంతా మళ్ళీ చెప్పుకునే నరకం తప్పుతుంది. పశ్చాత్తాపపడ్డవాడికి శిక్ష తగ్గించడం ప్రతి సమాజంలోనూ ఉన్నదే. పైగా ప్రతి కేసూ జ్యూరీ దాకా వెళ్తే కోర్టులు వారం రోజుల్లో కూలిపోతాయి. ఎవరూ బలవంతం చెయ్యట్లేదు, ఇది రాయితీ మాత్రమే అంటారు.

రాయితీ అన్న మాట దగ్గరే నేను ఆగిపోతాను. పండగ సేల్‌లో 60 శాతం తగ్గింపు అని చూడగానే మనం మొదట అడిగే ప్రశ్న: ఎంఆర్‌పీ ఎవరు వేశారు? 1978లో సుప్రీం కోర్టు తేల్చిన బోర్డెన్‌కర్చర్ వర్సెస్ హేస్ కేసు చూడండి. కెంటకీలో పాల్ హేస్ అనే అతని మీద 88 డాలర్ల 30 సెంట్ల దొంగ చెక్కు కేసు. ఒప్పుకుంటే అయిదేళ్ళు అన్నాడు ప్రాసిక్యూటర్. ఒప్పుకోకపోతే పాత నేరాలు చూపించి ‘అలవాటైన నేరస్తుడు’ చట్టం కింద మళ్ళీ అభియోగం మోపుతానన్నాడు. హేస్ ఒప్పుకోలేదు. ప్రాసిక్యూటర్ అన్నంత పనీ చేశాడు. యావజ్జీవం పడింది. అయిదుగురు జడ్జీలు ఇది సరే అన్నారు, నలుగురు కాదన్నారు.

చేసిన పని అదే, 88 డాలర్ల చెక్కు. అయిదేళ్ళు న్యాయమైన శిక్ష అయితే యావజ్జీవం దేనికి? విచారణ అడిగినందుకు. యావజ్జీవమే న్యాయమైతే ప్రాసిక్యూటర్ అయిదేళ్ళకి ఎలా వదిలేస్తానన్నాడు? ఈ రెండు ప్రశ్నలకీ ఒకేసారి మర్యాదైన జవాబు దొరకదు.

ఇంకో చిక్కుంది, నేను ఇంజనీరుగా ఆలోచిస్తే మరీ భయపెట్టేది. బేరంలో ఎక్కువ తగ్గింపు ఎవరికి వస్తుంది? సాక్ష్యం బలంగా ఉన్న కేసులో ప్రాసిక్యూటర్ ఎందుకు తగ్గుతాడు? సాక్ష్యం బలహీనంగా ఉన్నప్పుడే తగ్గుతాడు. సాక్ష్యం ఎక్కువగా బలహీనంగా ఉండేది ఎవరి మీద? నేరం చెయ్యనివాళ్ళ మీద. అంటే నిర్దోషికి ఈ వ్యవస్థ ఇచ్చే ఆఫర్ అందరికంటే ఆకర్షణీయంగా ఉంటుంది. సిస్టమ్‌లో బగ్ ఉంటే సరిచెయ్యొచ్చు. ఇది బగ్ కాదు. బేరం అనే డిజైన్ సరిగ్గా పనిచేస్తే వచ్చే ఫలితమే ఇది.

ఇది పుస్తకాల్లో సంగతి మాత్రమే కాదు. నేను అక్కడ ఉద్యోగం చేసిన రోజుల్లో నా స్నేహితుడొకడు ఒక పెద్ద స్టోర్‌లో సెల్ఫ్ చెకౌట్ దగ్గర రెండు వస్తువులు స్కాన్ చెయ్యలేదని చిన్న దొంగతనం కేసులో ఇరుక్కున్నాడు. పరధ్యానంలో జరిగిందంటాడు. లాయర్ కంటే అతని వీసా గడువే ఎక్కువ మాట్లాడింది. ఆర్నెల్లలో నాలుగు వాయిదాలు, ప్రతిసారీ ఒక రోజు సెలవు. చివరికి ఇంకా చిన్న సెక్షన్ కింద ఒప్పుకుని ఫైన్ కట్టెయ్యమన్నారు. ఆ రోజు నేను వెనక బెంచీలో కూర్చున్నాను. “నీకు నువ్వుగా ఒప్పుకుంటున్నావా? ఎవరైనా బలవంతం చేశారా? ఏదైనా ఆశ చూపించారా?” అని జడ్జి వరసగా అడిగాడు. అవును, లేదు, లేదు. మొత్తం నాలుగు నిమిషాలు. ఆ జవాబులు నిజం కాదని గదిలో అందరికీ తెలుసు. అడగడం తప్పనిసరి కాబట్టి అడిగారు. బయటికొచ్చాక వాడన్నాడు: “దొంగతనం చేశానని చెప్పలేదురా. సైన్ పెట్టానంతే.” నిజమే. కానీ వీసా ఫారంలో, ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న గడి దగ్గర వాడు ఇప్పటికీ ప్రతిసారీ ‘అవును’ అని టిక్ పెట్టి, పక్కన ఒక పేరా రాస్తాడు.

పౌరులు కానివాళ్ళకి ఈ ఒప్పుకోలు ఎంత ఖరీదో 2010లో పడియా కేసు తేల్చింది. నలభై ఏళ్ళుగా గ్రీన్ కార్డు మీద ఉన్న, వియత్నాం యుద్ధంలో పనిచేసిన ఒకతను, లాయర్ ఏం కాదన్నాడని గంజాయి రవాణా కేసులో ఒప్పుకున్నాడు. తీరా చూస్తే దేశం నుంచి పంపించెయ్యడం దాదాపు ఖాయమైంది. నేరం ఒప్పుకుంటే ఇమిగ్రేషన్ పరంగా ఏమవుతుందో లాయర్ ముందే చెప్పి తీరాలని కోర్టు అంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ప్రతి ఒక్కరూ తెలుసుకోవలసిన తీర్పు ఇది.

ఒప్పుకోకపోతే ఏమవుతుంది? మనం హరిశ్చంద్రుడి కథ విని పెరిగినవాళ్ళం. ఒక్క అబద్ధం ఆడితే చాలు, రాజ్యం, భార్యాబిడ్డలు, అన్నీ మిగులుతాయి. ఆడడు. కాటికాపరి అవుతాడు. ఆ కథ మనకి ఊరటనిచ్చేది ఎందుకంటే, చివర్లో విశ్వామిత్రుడు వచ్చి ఇదంతా పరీక్ష అంటాడు, పోయిందంతా తిరిగి వస్తుంది.

బ్రాంక్స్ కౌంటీలో కాలీఫ్ బ్రౌడర్‌కి అలా జరగలేదు. 2010 మేలో, పదిహేడో పుట్టినరోజుకి పది రోజుల ముందు, ఒక బ్యాక్‌ప్యాక్ దొంగిలించాడని పట్టుకున్నారు. బెయిలు 3,000 డాలర్లు. కుటుంబం దగ్గర లేవు. రైకర్స్ ఐలాండ్ జైలుకి పంపారు. అంతకుముందు కేసులో ప్రొబేషన్ మీద ఉండటంతో తర్వాత బెయిలు కూడా లేకుండా పోయింది. మూడేళ్ళు ఉన్నాడు, అందులో రెండేళ్ళకి దగ్గరగా ఏకాంత ఖైదు. త్వరగా విచారణ జరగాలని న్యూయార్క్ చట్టంలో ఆర్నెల్ల గడువుంది. కానీ ఆ గడియారం ప్రాసిక్యూటర్ అడిగినంత కాలానికే నడుస్తుంది. ‘సిద్ధంగా లేం, ఒక వారం కావాలి’ అంటారు. కోర్టు ఖాళీ లేక ఆరు వారాల తర్వాత తేదీ ఇస్తుంది. లెక్కలో ఒక్క వారమే పడుతుంది. మనిషి మాత్రం ఆరు వారాలూ లోపలే ఉంటాడు.

బేరాలు వస్తూనే ఉన్నాయి. చివరికి, రెండు చిన్న నేరాలు ఒప్పుకుంటే ఈ రోజే ఇంటికి పంపేస్తామన్నారు. చెయ్యలేదు కాబట్టి ఒప్పుకోనన్నాడు. 2013లో, ఫిర్యాదు చేసినాయన దేశంలోనే లేడని కేసు కొట్టేశారు. విచారణ జరగనే లేదు. 2015 జూన్‌లో, 22 ఏళ్ళ వయసులో, ఇంట్లో ఉరేసుకున్నాడు. 2019లో నగరం ఆ కుటుంబానికి 33 లక్షల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. ఏకాంత ఖైదు, బెయిలు, పదహారేళ్ళవాళ్ళని పెద్దవాళ్ళుగా విచారించడం గురించి న్యూయార్క్‌లో వచ్చిన మార్పుల వెనక అతని పేరు ఉంది.

బ్రౌడర్‌ని వీరుణ్ణి చెయ్యడం తేలిక. అలా చేస్తే నా స్నేహితుడి లాంటివాళ్ళు పిరికివాళ్ళవుతారు. అది నాకు ఇష్టం లేదు. నిజం చెప్పడం మామూలు మనుషులు మామూలుగా చెయ్యగలిగే పనిగా ఉండాలి. దానికి హరిశ్చంద్రుడంత ఓపిక కావలసి వచ్చిందంటే, పరీక్షించవలసింది ఆ మనుషుల్ని కాదు. అబద్ధం నోటినుంచి వచ్చింది వాళ్ళకి. దాన్ని కొన్నది రాజ్యం, నిజానికి ధర పెంచి మరీ.

మన దగ్గర ఇది లేదని ఊపిరి పీల్చుకోనక్కర్లేదు. 2006 నుంచి మన చట్టంలోనూ ప్లీ బార్గెయినింగ్ ఉంది, ఏడేళ్ళ వరకు శిక్ష ఉన్న నేరాలకి, కొన్ని మినహాయింపులతో. వాడకం తక్కువే. చట్టం రాకముందు నుంచీ చిన్న కేసుల్లో ‘ఒప్పేసుకో, ఫైన్ కట్టి పో’ అన్న సలహా మన కోర్టు చెట్ల కింద వినిపిస్తూనే ఉంది. స్వయంగా లాయరైన రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’ రాసింది ఆ ప్రపంచం గురించే. ఇక మన జైళ్ళలో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు విచారణ ఖైదీలే. పడబోయే శిక్ష కంటే ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగానే మగ్గిన బీహార్ ఖైదీల కేసులో, త్వరిత విచారణ ప్రాథమిక హక్కు అని మన సుప్రీం కోర్టు 1979లోనే చెప్పింది. అక్కడ బేరం చేసి తొందరపెడతారు. ఇక్కడ బేరం కూడా చెయ్యకుండా కూర్చోబెడతారు. రెండుచోట్లా శిక్ష తీర్పు కంటే ముందే మొదలవుతుంది.

విచారణలన్నీ జరిపితే కోర్టులు కూలతాయన్న మాట నిజమే కావచ్చు. అయితే దానర్థం, మోపుతున్న కేసుల్లో ఎక్కువ భాగాన్ని నిరూపించే ఓపిక రాజ్యానికి లేదని. నిరూపించలేనన్ని కేసులు పెట్టకపోవడం కూడా ఒక దారే. కనీసం ఒక్క మార్పు కోరుకుంటాను: ఒప్పుకోలు తీసుకునేటప్పుడు, ఒప్పుకోకపోతే ఇతనికి ఏం పడేదని చెప్పారో, అప్పటికి ఎన్ని రోజులు లోపల ఉన్నాడో కూడా జడ్జి అందరూ వినేలా అడిగి రికార్డులో రాయించాలి. అప్పుడు ఆ ఫైలు తెరిచినవాళ్ళకి ‘దోషి’ అన్న మాట పక్కనే దాని ధర కూడా కనిపిస్తుంది.