అసమర్థత, అస్వస్థత: పేరు పెట్టే హక్కు

గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావుకు నవల శీర్షికే ఒక తీర్పు. వంశప్రతిష్ఠ కోసం ఆస్తిని కరగదీసి, భార్యాబిడ్డలను బాధించి, చివరకు శ్మశానంలో అంతమైన ఆ మనిషిని అసమర్థుడనడానికి నేటి పాఠకుడు సంకోచిస్తాడు. కుంగుబాటుకు లోనైన రోగి అంటాడు. ఈ మార్పులో కరుణ ఉన్నది. అది న్యాయం కూడానా అన్నది ప్రశ్న.

మొదటి పేరు నిందిస్తుంది, రెండవది నిందను తొలగిస్తుంది. అయితే ఆ మనిషి మాట వినవలసిన అవసరాన్ని రెండూ తప్పిస్తాయి. మానవ సంబంధాల వెనుక స్వార్థాన్ని సీతారామారావు చూసిన తీరును వ్యాధిలక్షణంగా లెక్కిస్తే, దానికి సమాధానం చెప్పే బాధ్యత సమాజానికి ఉండదు. అతడి వల్ల బాధపడిన ఇందిర కూడా రోగనిర్ధారణ చాటున కనుమరుగవుతుంది.

సమాజపు నైతిక, సాంస్కృతిక విలువలతో పొసగకపోవడం మానసిక వ్యాధి నిర్ధారణకు ఆధారం కారాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిర్దేశించింది. ఈ నియమం విమర్శకుడికీ వర్తించాలి. వైద్యుడు పేరు పెట్టేది చికిత్స కోసం. నవలలోని మనిషికి చికిత్స లేదు కనుక, విమర్శకుడు పెట్టే పేరు అతడి గురించిన ఆలోచనను ముగించడానికే పనికివస్తుంది.

నవీన్ ‘అంపశయ్య’ (1969) మరొక దారి చూపింది. విద్యార్థి రవి ఒక్క రోజు జీవితాన్ని చైతన్యస్రవంతిలో నడిపిస్తూ భయాన్ని, పేదరికాన్ని, కోరికను ఒకే ప్రవాహంగా వినిపించింది. రవిని అలా విన్న పాఠకుడు సీతారామారావునూ, ఇందిరనూ అంతే ఓర్పుతో వినవలసి ఉన్నది.