విరిగిన ఏరియల్

ధ్యానభాగములు: యెహెజ్కేలు 24:6–13, మత్తయి 5:23, 24



మా పాత కారుకు రేడియో ఏరియల్ ఒకటి ఉండెను. రెండేండ్ల క్రిందట హైదరాబాదు పాతబస్తీలోని ఒక ఇరుకు సందులో, క్రిందికి వ్రేలాడుచున్న తాడు తగిలి అది విరిగిపోయెను. దాని మొదలు అంతకుముందే తుప్పుపట్టియుండినది. మిగిలిన మొండిని తీయించుటకు బదులు దానిపై వెండిరంగు పూసి ఊరకుంటిమి. దగ్గరి స్టేషన్ మొండితోనే కొంత వినబడుచుండెను. దూరపు స్టేషన్ పెట్టినప్పుడు గరగర శబ్దమే. వినబడుచున్నది గదా అని మమ్మును మేమే మోసపుచ్చుకొంటిమి.

ఈ వర్షాకాలమున ఏరియల్ క్రింది రబ్బరు చివికి, నీళ్లు మడ్గార్డు లోనికి దిగసాగెను. ఇక తప్పక దారుల్‌షిఫాలోని ఒక వృద్ధ మిస్త్రీ యొద్దకు వెళ్లితిమి. దారుల్‌షిఫా అనగా స్వస్థతాలయము. 1595లో మహమ్మద్ కులీ కుతుబ్ షా అక్కడ వైద్యశాల కట్టించినందున ఆ పేటకు ఆ పేరు నిలిచినది.

"పటకారుతో లాగివేయుము, తొందరగా పోవలెను" అంటిమి.

"నహీ పాదరీ సాబ్! గుంజితే రేకు చినుగుతది. తుప్పు నట్టును, రేకును ఒక్కటి చేసింది. నూనె పొయ్యాలె, ఆగాలె" అనెను.

ఆయన మొదట బ్యాటరీ తీగె విప్పెను. నట్టు చుట్టు నూనె చుక్కలు వేసి, టీ త్రాగి, మరల వేసి, సుత్తితో మెల్లగా తట్టెను. ఒక గంటకు నట్టు కదిలినది. పాత తీగెను బయటికి లాగకముందు దాని లోపలి కొనకు ఒక దారము కట్టెను. తీగె వెలుపలికి రాగా, ఆ త్రోవలో దారము నిలిచినది. పిమ్మట ఆ దారముతోనే క్రొత్త తీగెను లోనికి లాగెను.

మేము పూసిన రంగు క్రింద తుప్పు పొరలుపొరలుగా ఊడివచ్చెను. దానిని గరుకు కాగితముతో ఇనుము మెరయువరకు రుద్దెను. ఏరియల్ అడుగు ఇనుమును నేరుగా తాకవలెననియు, నడుమ రంగుగాని తుప్పుగాని ఉన్నచో క్రొత్తదైనను సరిగా పలుకదనియు చెప్పెను. తాకుచోటు విడిచి చుట్టు మాత్రమే ఎర్ర ప్రైమరు పూసి, సుమారు 75 సెంటీమీటర్ల క్రొత్త కడ్డీ బిగించెను. దూరపు స్టేషన్ స్పష్టముగా పలికినది.

యెహెజ్కేలు ప్రవక్త చెప్పిన కుండ మాకు జ్ఞాపకము వచ్చెను. అది యెరూషలేము పట్టణమునకు సాదృశ్యము. ఎంత ఉడికించినను దాని లోపలి తుప్పు వదలలేదు. తుదకు దానిని ఖాళీచేసి నిప్పులమీద ఉంచవలసివచ్చెను. పైకి రంగు పూయుట దేవుని పద్ధతి కాదు.

ప్రియులారా, ఒక సంగతి ఒప్పుకొనవలెను. మా తండ్రిగారి ఇంటి పంపకము విషయమై మా తమ్మునితో మాకు ఆరేండ్లుగా మాటలు లేవు. క్రిస్మస్ దినమున మాత్రము గుడి వాకిట చేతులు కలుపుకొందుము. అదియే మా వెండిరంగు. కానుకను బలిపీఠమునొద్ద విడిచి, మొదట సహోదరునితో సమాధానపడవలెనను ప్రభువు మాటపై మేము అనేక పర్యాయములు ప్రసంగించితిమి. అయితే తమ్మునిపై మాకేమి ఉన్నదో దానినే లెక్కించుచు వచ్చితిమి. ప్రభువు అడుగునది అది కాదు. మాపై తమ్మునికేమి ఉన్నదని ఆయన అడుగుచున్నాడు.

ఒక దారము మాత్రము తెగలేదు. మా మరదలు ప్రతి వేసవిలో ఆవకాయ జాడీ పంపుచుండెను. ఒక్క జాడీనైనను త్రిప్పి పంపలేదు. ఒక్క మాటయు పంపలేదు.

ఆ సాయంకాలమే ఆరు జాడీలు కారులో పెట్టుకొని తమ్ముని ఇంటికి వెళ్లితిమి. మొదటి అరగంట ఎవరమును ఎక్కువ మాటలాడలేదు. నూనె దిగువరకు ఆగవలెనని ఆ మధ్యాహ్నమే నేర్చుకొంటిమి గదా! తరువాత, "పత్రములో కొలతలు నాకు అనుకూలముగా వ్రాయించుకొన్నాను, తమ్ముడా, అది నిజము" అంటిమి. ఆరేండ్లు రంగు క్రింద దాచిన మాట అదే.

తమ్ముడు చాలసేపు తల వంచుకొని, "అన్నా, ఈ ఒక్క మాట కోసమే చూసిన" అనెను.

స్థలము సంగతి ఇంకను తేలలేదు; సర్వేయరు మరల కొలువవలసియున్నది. అయినను ఆ రాత్రి ఇద్దరము కలిసి మోకరించితిమి.

ఇది చదువుచున్న సహోదరీ, సహోదరుడా, నీ ప్రార్థన గరగరమనుచున్నదా? పరలోకపు స్టేషన్ మూతపడలేదు. నీవు రంగు పూసి దాచిన మొండి ఎక్కడనున్నదో చూచుకొనుము. పెరికివేయుటకు తొందరపడకుము, ప్రేమయను నూనె పోసి ఓర్చుకొనుము. అయితే ఇనుము మెరయువరకు ఆపకుము.

ప్రార్థన: ప్రభువా, మేము కప్పిపుచ్చిన తుప్పును మాకు చూపుము. మా సహోదరుని గడప ఎక్కుటకు నేడే ధైర్యమిమ్ము. ఆమేన్.