దారి చూపిన బోయ దంపతులు

యాత్రకు బయలుదేరునపుడు మానవుని మనస్సు భక్తితో నిండియుండును. నియమములు, ఉపవాసములు, గోవిందనామములు ఆ మనస్సును శుద్ధము చేయుచుండును. స్వామి దర్శనమై తిరుగుదారి పట్టిన పిదప ఆ శ్రద్ధ సగము సడలిపోవుట లోకమున కానవచ్చు విషయమే. ప్రసాదపు మూట చేతనుండును. మనస్సు మాత్రము అప్పుడే ఇల్లు చేరి అప్పులు, పొలములు, పెండ్లిపనులు లెక్కించుచుండును. ప్రక్కన కూర్చున్నది ఎవరో, దాహమని అడిగినది ఎవరో చూచు తీరిక ఉండదు. సన్నిధిలో హారతి కన్నులకద్దుకొనుటతో యాత్ర ముగిసినదని తలంచుటయే దీనికి కారణము. కాని శ్రీవైష్ణవ గురుపరంపరలో ఒక మహనీయుని జీవితము ఇంటికి మరలు దారిలోనే మలుపు తిరిగినది. ఆయనకు దివ్యదంపతులు తోడై నిలిచినది గర్భాలయమున కాదు, నడిరేయి అడవిలో. ఆ మహనీయుడే భగవద్రామానుజులు.

సంప్రదాయము ననుసరించి శ్రీ రామానుజులు క్రీ.శ. 1017వ సంవత్సరమున శ్రీపెరుంబూదూరులో ఆసూరి కేశవ సోమయాజికిని, కాంతిమతికిని జన్మించిరి. మేనమామయైన తిరుమలనంబి ఆ శిశువునకు ఇళయాళ్వార్ అని నామకరణము చేసెను. శ్రీరామానుజుడైన లక్ష్మణుని స్మరింపజేయు పేరది. యౌవనమున ఇళయాళ్వార్ కాంచీపుర సమీపమునగల తిరుప్పుట్కుళిలో యాదవప్రకాశుడను పండితునికడ వేదాంతము అభ్యసించుచుండెను. శ్రీరాముడు జటాయువునకు ఉత్తరక్రియలు జరిపిన చోటు అదియేనని స్థలపురాణము చెప్పును. చుట్టము కాని ఒక పక్షికి భగవంతుడు కొడుకువలె కర్మ చేసిన క్షేత్రమున చదువుకొనిన శిష్యునకు, అడవిలో ముక్కు మొగమెరుగని దంపతులు తల్లిదండ్రులై తోడురావలసి వచ్చుట గమనింపదగినది.

గురుశిష్యుల నడుమ వైమనస్యము కలిగిన విధము అందరెరిగినదే. పరమపురుషుని కన్నులను వర్ణించు ఛాందోగ్యమందలి కప్యాసమను పదమునకు యాదవప్రకాశుడు కోతి ఆసనభాగముతో పోలికగా అర్థము చెప్పెను. అప్పుడు గురువునకు తైలమంటుచున్న శిష్యుని కన్నుల వెంట వేడి కన్నీరు జారి గురువు తొడపై పడెను. కారణమడుగగా, సూర్యకిరణములచే వికసించిన తామరవంటి కన్నులని ఆ పదమునకు అర్థము చెప్పవచ్చునని శిష్యుడు వినయముతో విన్నవించెను. ఇట్టి సందర్భములు మరికొన్ని కలిగినవి. శిష్యుని ప్రజ్ఞ గురువునకు ఆనందము కావలసినది పోయి భయమైనది. తుదకు కాశీయాత్ర నెపమున అతనిని వెంటబెట్టుకొనిపోయి గంగలో ముంచి అంతమొందింపవలెనను దురాలోచన పుట్టినది. పుణ్యనదీస్నానమే హత్యాసాధనమైనది! యాత్ర ఎంత పవిత్రమైనను, యాత్రికుని హృదయము కలుషితమైనపుడు తీర్థమేమి చేయగలదు?

ఆ బృందమున రామానుజుల పినతల్లి కుమారుడు గోవిందుడు కూడ ఉండెను. వింధ్యారణ్య ప్రాంతమున అతడు ఆ కుట్రను పసికట్టి, ఒంటరిగా చిక్కిన సమయము చూచి, “అన్నా! ఇక ముందునకు రావలదు. వీరు నీ ప్రాణము తీయ దలంచుచున్నారు. ఇటనుండియే తప్పించుకొనుము” అని చెప్పి, అనుమానము రాకుండ మరల గుంపులో కలిసిపోయెను.

రామానుజులు వెనుదిరిగిరి. దారి తెలియదు, తోడు లేదు, చేత సంబళము లేదు. కాంచి వందలాది క్రోసుల దూరమున నున్నది. ఇంతవరకు వెంట నడచినవారు వేదము చదివినవారు, వారినుండియే ప్రాణభయము. ఇప్పుడు చుట్టునున్నది క్రూరమృగముల అరణ్యము. శాస్త్రమున ఆకించన్యమని, అనన్యగతిత్వమని చెప్పబడు స్థితి ఇదియే. చేతిలో ఏ ఉపాయమును లేదు. భగవంతుడు తప్ప వేరు దిక్కును లేదు. ఈ మాటలను గురువు చెప్పగా వినుట వేరు, చీకటిపడు వేళ అడవిలో అనుభవించుట వేరు.

అట్టి సమయమున ఒక బోయ దంపతులు ఎదురైరి. ఎవరవని, ఎటు పోవుచుంటివని వారడిగిరి. కాంచికని చెప్పగా, తామును దక్షిణమునకే పోవుచున్నామని, వెంట రమ్మని ఆదరముతో పలికిరి. రామానుజులు వారి వెంట నడచెను. కొంతదూరము పోయిన పిదప రాత్రియైనది. మువ్వురును ఒక చెట్టు క్రింద విశ్రమించిరి. నడిరేయి ఆ బోయత తనకు దాహమగుచున్నదని భర్తతో చెప్పినది. సమీపముననే మెట్లబావి యున్నదని, చీకటిలో పోరాదని, తెల్లవారిన పిమ్మట నీరు త్రాగవచ్చునని అతడు ఊరడించెను. ఆ మాటలు రామానుజుల చెవిని బడినవి. తనకు రక్షకులై వచ్చినవారి దాహము తీర్పలేకపోతినే యని ఆయన మనస్సు కలత జెందినది.

తెల్లవారగనే ఆయన బావిలోనికి దిగి, దోసిలితో నీరు తెచ్చి ఆ తల్లికి అందించెను. దాహము తీరలేదు. మరల తెచ్చెను, మూడవమారును తెచ్చెను. నాలుగవమారు దోసిలి నింపుకొని పైకివచ్చి చూడగా ఆ దంపతులు లేరు. చెట్టును లేదు, అడవియును లేదు. ఎదుట గోపురములు కనబడుచున్నవి. దారినపోవువారిని “అయ్యా, ఇది ఏ ఊరు?” అని అడుగగా, “ఆకాశమునుండి ఊడిపడితివా? కాంచిలో చదువుకొనువాడవు కాంచిని ఎరుగవా?” అని వారు నవ్విరి. వరదరాజస్వామి పుణ్యకోటి విమానమును చూచి, తన వెంట నడచినది పెరుందేవీసమేతుడైన ఆ వరదుడేయని గ్రహించి రామానుజులు కన్నీరు కార్చిరి.

ఈ వృత్తాంతమున మూడు విశేషములు భక్తులు మననము చేయదగియున్నవి.

మొదటిది, భగవంతుని సౌలభ్యము. ఆయన శంఖచక్రములతో రాలేదు. ఎవరును లేచి నిలబడి నమస్కరింపని రూపమున వచ్చెను. వేదాంతము చదివిన బ్రాహ్మణ యువకుడు ఆ బోయల వెంట నడచుటకు వెనుకాడియుండినచో ఏమయ్యెడిది? వారి కులము, వేషము చూచి దూరముగ నుండినచో వరదుని దూరము చేసికొనినట్లే గదా! రామానుజులు వారిని ఎరుగక పోయినను, వారి మాటలోని దయను ఎరిగెను. అదియే చాలినది.

రెండవది, రక్షించినవారే యాచించుట. మార్గము చూపుటకు వచ్చిన తల్లి తన దాహమును చెప్పుకొనినది. సముద్రములను సృజించిన స్వామికిని, ఆయన దేవేరికిని దోసెడు నీరు కావలెనా? కావలసినది నీరు కాదు, కైంకర్యము. జీవుని రక్షించుట ఆయన స్వభావము. సేవించుట జీవుని స్వరూపము. రక్షణ పొంది ఊరకుండినచో జీవుడు ఋణగ్రస్తుడుగనే మిగులును. కావుననే స్వామి అడిగి పుచ్చుకొని అతనిని ధన్యుని చేసెను. మూడుమారులు త్రాగినను దాహము తీరకుండుటలోని రహస్యము కూడ ఇదియే. కైంకర్యమునకు తుది లేదు. ఈ సంగతి తిరుక్కచ్చినంబికి విన్నవింపగా, ఆ బావినీరు స్వామికి ఇంకను కావలెనని, నిత్యము ఒక బిందెడు తెచ్చి సమర్పింపుమని ఆ మహాత్ముడు ఆదేశించెను. తిరుక్కచ్చినంబి బ్రాహ్మణేతరుడు, వరదునకు వింజామరసేవ చేయుచు ఆయనతో మాటలాడిన భక్తుడు. రామానుజులు ఆయన మాటను శిరసావహించి తీర్థకైంకర్యము చేసెను. ఆ బావిని నేటికిని కాంచీపుర సమీపమున సెవిలిమేడు వద్ద శాలైక్కిణరు అను పేర భక్తులు సేవించుచున్నారు.

మూడవది, తిరుమల భక్తులకు మిక్కిలి సన్నిహితమైనది. ఇళయాళ్వార్ అని పేరిడిన తిరుమలనంబియు తీర్థకైంకర్యపరుడే. ఆయన పాపవినాశనమునుండి నీటికుండను తలపై మోసికొని వచ్చుచుండగా ఒక బోయ యువకుడు ఎదురై, “తాతా! దాహమగుచున్నది, నీరీయవా?” అని అడిగెను. స్వామికై తెచ్చు తీర్థమును ఇతరులకీయరాదని నంబి నిరాకరించెను. ఆ యువకుడు బాణముతో కుండకు రంధ్రము చేసి నీరు త్రాగి, వగచుచున్న నంబిని ఊరడించి, కొండను బాణముతో కొట్టి ఆకాశగంగను ప్రవహింపజేసెనని ఐతిహ్యము. తిరుమలలో అధ్యయనోత్సవములు ముగిసిన పిమ్మట జరుగు తణ్ణీరముదు ఉత్సవము ఈ లీలకే స్మారకము.

మేనమామ స్వామికొరకని బోయకు నీరీయలేదు. మేనల్లుడు బోయతకు నీరిచ్చి స్వామికే ఇచ్చినవాడయ్యెను. ఇందు ఎవరు తప్పిరి? ఎవరును తప్పలేదు. నంబిది నియమనిష్ఠ, రామానుజులది కరుణ. నియమమును పాటించినవానిని స్వామి “తాతా” యని పిలిచి కటాక్షించెను. కరుణ చూపినవానికి దారి చూపెను. అయినను ఒక సూక్ష్మము కలదు. రెండు చోటులను దాహమని అడిగినవాడు ఒక్కడే. నియమము పేర త్రోసివేసిన దోసిలియు ఆయనదే, ప్రేమతో నింపిన దోసిలియు ఆయనదే.

అట్లయిన దారిలో కనబడు ప్రతివాడును మారువేషమున వచ్చిన భగవంతుడేనా యని సందేహము కలుగవచ్చును. చేతనాచేతనములన్నియు పరమాత్మకు శరీరమని, ఆయన అన్నింటికిని అంతర్యామియైన ఆత్మయని రామానుజ సిద్ధాంతము. ఎదుటివాడు భగవంతుడే అని అనవలసిన పని లేదు. అతడు భగవంతుని శరీరమనుట నిశ్చయము. దేహమునకిచ్చిన నీరు దేహికి చేరకుండునా? కావున వచ్చినది వరదుడా, వట్టి బాటసారియా యని పరీక్షింపనక్కరలేదు. దాహము నిజమైనదా కాదా యని చూచిన చాలును.

మరియొక మాట. ప్రాణము తీయదలచిన యాదవప్రకాశుడు తరువాతి కాలమున రామానుజులకే శిష్యుడై, గోవిందజీయరను పేర సన్న్యసించి, యతిధర్మసముచ్చయమును రచించెను. అపరిచితులచే ఆదరింపబడి ఇల్లు చేరినవాడు తనకు అపకారము చేసినవానికిని తలుపు తెరచెను. ఆ మహనీయునికి తిరుగుదారి నేర్పిన పాఠము ఫలించిన తీరు అది.

ఏడుకొండలు దిగి ఇండ్లకు మరలు భక్తులారా! రైలులోనో, బస్సులోనో ప్రక్కన కూర్చున్న వృద్ధురాలు నీరడిగినపుడు, పేరు తెలియని ఒకడు దారి చెప్పినపుడు, ఈ బోయ దంపతులు స్మరణకు రావలెను. సన్నిధిలో క్షణకాలము దర్శనమిచ్చిన స్వామి, తిరుగుదారిలో ఎంతసేపు వెంట నడచునో ఎవరెరుగుదురు? మరలి చూచునప్పటికి ఆయన కనబడక పోవచ్చును. దోసిలిలోని నీరు మాత్రము అంతకుముందే ఆయనకు అంది యుండవలెను. అట్టి మనస్సును శ్రీ వేంకటేశ్వరుడు భక్తులందరకును ప్రసాదించుగాక!