అడుగాకును త్రిప్పి చూచుట

సోయాచిక్కుడు చేనిలో తుప్పు తెగులు ప్రవేశించినప్పుడు రైతు కొట్టు మందు లెక్కకు మిక్కిలియగు సూక్ష్మజీవులను చంపుననుట నిశ్చయము. అట్టిచో, అహింసయే పరమధర్మమని నమ్మువారి నడుమ ఆ రైతు స్థానమేమి యను ప్రశ్నను దాటిపోవుట నాకు న్యాయముగా తోచదు. మహాభారతమున అరణ్యపర్వమునందు ధర్మవ్యాధుడు, నాగలి పోటున భూమిలోని ప్రాణు లెన్నియో నశించుచున్నవనియు, ధాన్యపు గింజలు సయితము జీవములేయనియు కౌశికుడను బ్రాహ్మణునకు తెలిపి, సంపూర్ణమగు అహింస దేహధారులకు అసాధ్యమని తేల్చినాడు. జైనులును గృహస్థుని వృత్తిలో తప్పని హింసను బుద్ధిపూర్వకమగు హింసనుండి వేఱుపఱచిరి. ఇక నాకు మిగిలిన విచారమెల్ల ఆ ‘తప్పని’ దానికి హద్దెక్కడ యనునదే.

తుప్పు తెగులు కలిగించు శిలీంధ్రము సజీవమైన ఆకుమీద తప్ప పెరుగజాలదు. పూతవేళ, చాళ్ల నడుమ నీడపట్టున నున్న అడుగాకును త్రిప్పి వెలుతురున కెత్తి చూచినచో, సూదిమొన యంతటి గోధుమవన్నె పొక్కులు కానవచ్చును; వ్రేలితో రాచినచో పొడి యంటుకొనును. ఆ పొడి రేణువులు గాలిలో కొట్టుకొనిపోయి, ఆరు గంటలసేపైన తడియారని మఱియొక ఆకుపై బడి మొలకెత్తగలవు. కొల్హాపురము, సాంగ్లీ ప్రాంతముల కృష్ణాలోయ రైతులు దీని నెఱుగుదురు. పొక్కు కనబడినంతనే లీటరు నీటికి 1 మి.లీ. హెక్సాకొనజోల్ కలిపి పిచికారి చేయువాడు తన బిడ్డల నోటికూడు కాపాడుకొనుచున్నాడు. అతనికి పాపమంటగట్టుటకు నాకు నోరు రాదు.

ఆకు నొకసారియైన త్రిప్పి చూడక, తేదీలు లెక్కించి మందు కొట్టువానికి ఆ యనివార్యత యెక్కడిది? బ్రెజిల్ దేశమున 2001లో ఈ తెగులు కానవచ్చినది మొదలు ఒకే కోవ మందులను మాటిమాటికి కొట్టగా, వానికి లొంగని శిలీంధ్రపు తెగలు బలిసినవి. అచట మాటో గ్రోసో మున్నగు రాష్ట్రములు 2006 నుండి వేఱొక నియమము చేసినవి: ఏటేట రెండు మూడు నెలలపాటు పొలములలో ఒక్క సోయామొక్కయు బ్రతికి యుండరాదు, తమంత మొలచినవానిని సైతము తీసివేయవలెను. ఆశ్రయము దొరకక రేణువులు క్షీణించును. తరువాతి పైరునకు తెగులు ఆలస్యముగా సోకును. ఈ విరామమును నేను ఉపవాసదీక్షవలె గౌరవింతును.

రేణువులు గట్ల నెఱుగవు గనుక, ఇది ఒక్కని నిష్ఠతో నెరవేరు దీక్ష కాదు. ఒకని యలసత్వమున నిలిచిన నాలుగు మొక్కలు చుట్టుప్రక్కల చేలన్నిటికిని ముప్పు తెచ్చును. అందఱి మేలుకై ఆ నెలలలో మఱియొకసారి సోయా విత్తుకొనగోరిన చిన్నరైతును ఆపునప్పుడు, అతని నష్టములో పొరుగువారికిని పాలుండవలెనని నా యభిప్రాయము.