శుభ్రతకు వెల ఎవరు చెల్లించాలి?

ఈ మధ్య పట్టణాల్లో ఒక కొత్త నీతి బయలుదేరింది. ప్లాస్టిక్ సంచీలో వచ్చే సబ్బు పొడి మాని, అట్టపెట్టెలో వచ్చేదీ, నీళ్ళలో త్వరగా విరిగిపోయేదీ కొనాలట. అది కొన్నవాడు భూమికి మేలు చేసినవాడు, కొననివాడు పాపాత్ముడు. దీన్ని గురించి వ్యాసం రాస్తానంటే ఒక మిత్రుడు నవ్వాడు. వ్యవస్థ మారితే అన్నీ మారతాయి, సబ్బు పొడి మీద చర్చ ఏమిటన్నాడు. వ్యవస్థ మారేలోపల ఆయన కూడా బట్టలు వుతికించుకుంటూనే వుంటాడు గదా! చిన్న ప్రశ్నలను పెద్ద సిద్ధాంతంతో కొట్టిపారెయ్యటం మనవాళ్ళకు బాగా అలవాటయింది.

మరోపక్క పాతకాలాన్ని తలచుకుని నిట్టూర్చేవాళ్ళున్నారు. పూర్వం ప్లాస్టిక్ లేదు, కుంకుడుకాయ వుంది, సౌడు మన్ను వుంది, చెరువు తేటగా వుంది అంటారు. అబద్ధం కాదు. ఎండాకాలం నేల మీద తెల్లగా పొంగిన సౌడు ఎత్తి తెచ్చి, నీళ్ళలో కలిపి, బట్టలు అందులో ముంచి, బట్టి పెట్టి ఆవిరి పట్టించి, బండకేసి బాదేవారు. ఆ మట్టిలో పనిచేసేది సోడాయే. నేటి పొడిలోనూ అది ఒక ముఖ్యమైన దినుసు. ఇంతవరకు కథ బాగానే వుంది. కాని సౌడు ఎత్తిందెవరు? బండ దగ్గర నడుము వంచిందెవరు?

నిజాం రాజ్యంలోని తెలంగాణ పల్లెల్లో చాకలి వృత్తి వెట్టితో ముడిపడి వుండేది. దొరల ఇళ్ళలోనూ, గ్రామాధికారుల ఇళ్ళలోనూ బట్టలు వుతకాలి, గిన్నెలు తోమాలి. కూలి మాట ఎత్తరాదు. ఆనాడు నల్లగొండ జిల్లాలో వున్న పాలకుర్తిలో, కౌలు భూమిలో పండించుకున్న పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల చేతికి పోనివ్వకుండా నిలబడిన చిట్యాల ఐలమ్మ ఆ కులంలో పుట్టిన మనిషి. ఊరూరా వెట్టి మీద లేచిన తిరుగుబాటే 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటానికి ఒక పునాది. ఏ మచ్చా లేనిదని మనం మెచ్చుకునే ఆ పాత శుభ్రత, కూలి లేని రెక్కల కష్టం మీద నిలబడింది. కుంకుడుకాయను పొగిడేవాడు ఈ సంగతి కూడా కలిపి చెప్పాలని నా కోరిక.

అందుకే సబ్బు పొడిని వట్టి వ్యాపార మాయ అని నేననలేను. 1959లో సర్ఫ్ మన దేశపు మార్కెట్లోకి వచ్చింది. 1969లో అహమ్మదాబాదులో కర్సన్‌భాయి పటేల్ చౌక పొడి తయారుచేసి సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగి అమ్మసాగాడు, అదే నిర్మా. మన పల్లెల్లో ఏ కంపెనీ పొడినైనా సర్ఫు అనే అంటారు. సున్నం పాలెక్కువైన బోరు నీళ్ళలో సబ్బుబిళ్ళ నురగ రాక తెట్టు కడుతుంది. పొడి ఆ నీళ్ళలోనూ పనిచేస్తుంది. పొద్దంతా పత్తి ఏరి వచ్చి, బకెట్టు ముందు కూర్చునే మనిషికి దీనివల్ల ఒక అరగంట మిగిలితే, ఆ అరగంటను లెక్కలోకి తీసుకోని నీతి నాకు అక్కరలేదు.

ఇక ప్యాకెట్టు సంగతి. పాలమూరు నుంచి హైదరాబాదుకూ, బొంబాయికీ, పుణేకూ పోయే వలసకూలీకి ఏ రోజు కూలి ఆ రోజుది. సరుకూ ఆ రోజుకు సరిపడేదే. చిన్న ప్యాకెట్టు రోజు కూలికి తగినట్టు కుట్టిన చొక్కా వంటిది. నెల జీతగాడు పెద్ద అట్టపెట్టె తెచ్చుకోగలడు, ఆమె తెచ్చుకోలేదు. ఇద్దరినీ ఒకే కొట్టు ముందు నిలబెట్టి "ఎంచుకోండి" అనటం న్యాయంగా కనిపించే అన్యాయం. పొరలు పొరలుగా అంటించిన ఆ కాగితం వంటి ప్లాస్టిక్‌ను పాత సామాను కొనేవాడు తూకానికి తీసుకోడు. అందువల్ల చిత్తు ఏరుకునేవాళ్ళు కూడా దాన్ని ముట్టుకోరు. అది కాలువలోనే వుంటుంది. ప్రభుత్వానికి ఈ విషయం తెలియదా? 2016 నాటి నిబంధనలు గుట్కా, పొగాకు, పాన్‌మసాలాలను ప్లాస్టిక్ ప్యాకెట్లలో అమ్మరాదన్నాయి. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ చెంచాలూ, స్ట్రాలూ నిషేధించారు. సబ్బు పొడి ప్యాకెట్టు ఆ జాబితాకు ఎక్కలేదు. స్ట్రా అమ్మేవాడి పలుకుబడి ఎంత, సబ్బు అమ్మేవాడి పలుకుబడి ఎంత!

పొడి లోపలి సరుకు మాటకు వస్తే, 1950 దశకంలో జర్మనీ నదుల మీద నురగ గుట్టలుగా పేరుకున్నది. కొత్త డిటర్జెంటు అణువుకు కొమ్మలెక్కువ. సూక్ష్మజీవులు దాన్ని సులువుగా విరవలేకపోయాయి. అక్కడి గృహిణులు మంచి పొడి ఏరుకోవటం వల్ల ఆ నురగ తగ్గలేదు. 1961లో చట్టం వచ్చింది, 1964 నుంచి సులువుగా విరగని సరుకు అమ్మకూడదన్నారు, కంపెనీలు కొమ్మలు లేని అణువుకు మారాయి. అమెరికా కంపెనీలు 1965లో అదే దారి పట్టాయి. మన మూసీ నేటికీ హైదరాబాదు మురుగును మోసుకుంటూ భువనగిరి, సూర్యాపేట ప్రాంతాల పొలాలను తడిపి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తున్నది. దాని నురగలో ఫ్యాక్టరీల వాటా వుంది, శుద్ధిచెయ్యని మురుగు వాటా వుంది, మన బకెట్ల వాటా కూడా వుంది. పట్నం వుతుక్కున్న నీళ్ళలో నల్లగొండ రైతు నాటు వేస్తున్నాడు.

అయితే వ్యక్తికి బాధ్యత లేదా? వుంది; కాని చేతిలో వున్న వెసులుబాటును బట్టి వుంది. నెల జీతం అందుకునే అధ్యాపకుడిగా నేను అట్టపెట్టె పొడే కొంటాను. అందులో ఘనకార్యమేమీ లేదు, నాకది సాధ్యం కనుక కొంటున్నాను. ఒక్క షరతు మాత్రం పెట్టుకున్నాను. మా వంటి ఇళ్ళలో పొడి ఎంచేది ఒకరు, దానిలో చేతులు పెట్టేది మరొకరు. ఆ పనిచేసే ఆమెను అడక్కుండా పొడి మార్చటం, మురికి వదలక ఆమె రెండింతలు రుద్దుతుంటే మనం భూమిని కాపాడామని సంతోషించటం, వెట్టికి దూరపు చుట్టరికమే.

విద్యార్థులకు ఇంతకన్నా పెద్ద అవకాశం వుంది. హాస్టళ్ళలో సబ్బులకూ నూనెలకూ నెలనెలా ఇచ్చే కాస్మెటిక్ చార్జీలు ఎవరికి వారు చిన్న ప్యాకెట్లకు ఖర్చుపెడుతున్నారు. వందమంది డబ్బు ఒకచోట చేర్చితే పొడి మూటల లెక్కన వస్తుంది, డబ్బాలో కొలిచి తీసుకోవచ్చు. సోడా, ఉప్పు కాగితం పొట్లాల్లో కట్టి ఇచ్చిన కిరాణా కొట్లు మనకు తెలియనివి కావు. ఆ లెక్క వేసి వార్డెను ముందు పెట్టటానికి ఏ కంపెనీ అనుమతీ అవసరం లేదు. అదే లెక్కతో, ప్యాకెట్టును జాబితాలో ఎందుకు చేర్చలేదని అడగటానికీ అవసరం లేదు.